బస్తా నుంచి ర్యాక్ దాకా: మీ గోడౌన్‌కి ఏ ఆటోమేషన్ నప్పుతుంది?

ఈ మధ్య ఒక ఆక్వా ఫీడ్ ఫ్యాక్టరీ యజమాని నా ముందు మూడు కొటేషన్లు పరిచారు. ఒకటి పాలెట్ షటిల్‌ది, అంటే ర్యాకు లోపల సరుకు మోసే బండిది. ఒకటి స్టాకర్ క్రేన్‌ది, అంటే ఎత్తయిన ర్యాకుల్లో సరుకు పెట్టి తీసే క్రేన్‌ది. మూడోది బస్తాలు పేర్చే రోబోది. "మీరు ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నారు కదండీ, ఇందులో ఏది తీసుకోమంటారు?" అని అడిగారు. కొటేషన్లు పక్కన పెట్టి, "పదండి, ముందు మీ పాలెట్లు చూద్దాం" అన్నాను. పాలెట్ అంటే బస్తాలు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క వేదిక. గోడౌన్‌లో ఓ పది పాలెట్లు తిరగేసి చూశాం. నాలుగింటికి అడుగు చెక్కలు విరిగాయి. రెండింటికి మేకులు పైకి లేచాయి. సరుకు ఎక్కించిన పాలెట్ల మీద బస్తాలు అంచు దాటి నాలుగు వేళ్ల మేర బయటికి ఉబ్బి ఉన్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్‌కి ఇది పెద్ద విషయం కాదు, కాస్త అటూ ఇటూ జరిపి పెట్టేస్తాడు. మెషీన్‌కి ఆ సర్దుబాటు తెలియదు, ఆగిపోతుంది.

ర్యాకు కొన్నా, రోబో కొన్నా, క్రేన్ కొన్నా, వాటన్నిటి మధ్య తిరిగేది పాలెట్టే. దాని మీద సరుకు ఎంత కుదురుగా కూర్చుందో మిగతా మెషీన్లు అంత బాగా పనిచేస్తాయి. కాబట్టి పేర్చే పద్ధతి ముందు తేల్చుకోండి, నిల్వ పద్ధతి తర్వాత. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. ముందు ఎత్తయిన ర్యాకులు దిగుతాయి, ఆ తర్వాత బస్తాలు వాటిలో పట్టడం లేదని టెన్షన్ మొదలవుతుంది.

కొటేషన్ కంటే ముందు మూడు లెక్కలు

గంటకు 10 టన్నులు తీసే ఫీడ్ ప్లాంట్ ఒకటి అనుకుందాం. 25 కిలోల బస్తాలైతే గంటకు 400. పాలెట్‌కి 40 బస్తాలు ఎక్కిస్తే ఒక టన్ను, అంటే గంటకు 10 పాలెట్లు. రెండు షిఫ్టులు, పదహారు గంటలు నడిస్తే రోజుకు 160. పదిహేను రోజుల సరుకు చేతిలో ఉంచుకోవాలంటే 2,400 పాలెట్లకు చోటు కావాలి. ఈ లెక్క అందరూ వేస్తారు.

రెండో లెక్క, ఒక్కో రకానికి ఎన్ని పాలెట్లు పడతాయన్నది. ఈ ప్లాంట్‌లో మేత 12 రకాలైతే రకానికి సగటున 200 పాలెట్లు. జీనోమ్ వ్యాలీ వైపు ఒక మందుల కంపెనీకి కూడా సరిగ్గా 2,400 పాలెట్ల చోటే కావాలనుకోండి. అక్కడ మందు, డోసు, ప్యాకింగ్, బ్యాచ్ విడివిడిగా లెక్కేస్తే 800 రకాలు తేలొచ్చు. రకానికి మూడే పాలెట్లు. చోటు సమానమే అయినా వీళ్లిద్దరూ ఒకే సిస్టమ్ కొంటే ఒకరు తప్పకుండా నష్టపోతారు. ఎవరికి ఏది అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మూడోది, రద్దీ వేళ గంటకు ఎన్ని పాలెట్లు కదులుతాయన్నది. రోజుకు 160 అని చెబితే అమ్మేవాళ్లు దాన్ని పదహారుతో భాగించి గంటకు పది అని డిజైన్ చేస్తారు. మీ లారీలన్నీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్యే లోడవుతుంటే గంటకు 40 పాలెట్లు బయటికి రావాలి. అదే గంటలో మరో 10 లోపలికి వెళ్లాలి. ఒక వారం పాటు గేటు రిజిస్టర్‌లో లారీలు వచ్చిన సమయం చూసి ఈ లెక్క మీరే వేయండి, వేరేవాళ్లకి వదలకండి.

పేర్చడం: చేతులా, కోబాటా, పెద్ద రోబోనా?

పాలెట్ కొలత ముందు తేల్చుకోవాలి. మన దగ్గర ఎక్కువగా వాడేది 1200 × 1000 మిల్లీమీటర్లది. యూరప్ పాలెట్ 1200 × 800. బస్తా పరిచినప్పుడు సుమారు 600 × 400 ఉంటే మన పాలెట్ మీద వరసకు ఐదు పడతాయి. మూడు బస్తాలు ఒక దిక్కుగా పక్కపక్కన, రెండు వాటికి అడ్డంగా. పై వరసలో ఈ అమరిక తిరగబడుతుంది, ఇటుకల గోడ కట్టినట్టు. అలా ఎనిమిది వరసలు వేస్తే నలభై బస్తాలు. ఒక్క వరస తిరగేయడం మర్చిపోయినా పై బస్తాల బరువుకి మధ్యలో చీలిక వచ్చి పాలెట్ ఒక పక్కకి ఒరుగుతుంది.

హమాలీలు ఈ పని అద్భుతంగా చేస్తారు. ఉబ్బిన బస్తాని మోకాలితో ఒత్తి చదును చేస్తారు, జారుతున్నదాన్ని పసిగట్టి సర్దుతారు. గంటకు రెండు వందల బస్తాలు దాటని చోట, రోజులో ఆగి ఆగి పని నడిచే చోట రోబో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. పదిహేను, ఇరవై రకాల సైజులు చిన్న చిన్న లాట్లుగా వచ్చే చోటా అంతే. కానీ గంటకు 400 బస్తాలంటే షిఫ్టుకి 80 టన్నులు మనుషుల చేతుల మీదుగా వెళ్తున్నట్టు. ఆ నడుములు ఎన్నేళ్లు తట్టుకుంటాయో ఆలోచించండి. ఈ పనికి రోబో తేవడానికి కూలి మిగులు కంటే పెద్ద కారణం అదేనని నేను నమ్ముతాను.

మనిషి పక్కనే కంచె లేకుండా పనిచేసే చిన్న రోబోల్ని కోబాట్లంటారు. ఇవి అట్టపెట్టెలకి బాగుంటాయి. ఫార్మా, బిస్కెట్లు, పచ్చళ్ల సీసాల పెట్టెలు లాంటివి, పది కిలోల లోపు, నిమిషానికి ఏడెనిమిది పెట్టెలు. బస్తాలకి మాత్రం ఆశపడకండి. ఈ రకంలో పెద్దవి కూడా మామూలుగా 30 కిలోల చుట్టుపక్కలే ఎత్తుతాయి, ఆ బరువులోనే గ్రిప్పర్, అంటే సరుకుని పట్టుకునే భాగం, కూడా కలిసి ఉంటుంది. 25 కిలోల బస్తాకి ఎనిమిది, పది కిలోల గ్రిప్పర్ తగిలిస్తే లెక్క దాటిపోయింది.

బస్తాలకి సరైనది నాలుగు కీళ్ల పెద్ద ప్యాలెటైజింగ్ రోబో, అంటే పాలెట్ మీద సరుకు పేర్చే రోబో. ఏబీబీ, ఫానుక్, కూకా లాంటివాళ్లు ఈ పనికోసమే ప్రత్యేకంగా చేస్తారు. ఏబీబీ ఐఆర్‌బీ 460 అనే మోడల్ 110 కిలోలు ఎత్తుతుంది, 60 కిలోల బరువుతో గంటకు 2,190 సైకిళ్లని కంపెనీ లెక్క. మీ ప్లాంట్‌లో ఆ వేగం రాదు. బస్తా వచ్చేదాకా చెయ్యి ఆగాలి, పాలెట్ మారేదాకా ఆగాలి. అయినా గంటకు 400 అంటే దానికి సగం పని కూడా లేనట్టే. అందుకే ఒకే రోబోని రెండు ప్యాకింగ్ లైన్ల మధ్య నిలబెట్టి రెండింటికీ వాడుకోమంటాను.

రోబో కంటే గ్రిప్పర్ మీద, బస్తాను చదును చేసే కన్వేయర్ మీద ఎక్కువ ప్రశ్నలు వేయండి. నేసిన ప్లాస్టిక్ బస్తాల్లోంచి గాలి కారుతుంది, వ్యాక్యూమ్ పట్టు వాటికి నిలవదు. కింద నుంచి వేళ్లు దూర్చి ఎత్తే గ్రిప్పర్ కావాలి. కుట్టు మెషీన్ నుంచి అప్పుడే వచ్చిన బస్తాలో గాలి నిండి దిండులా ఉంటుంది. దాన్ని రోలర్ల కింద ఒత్తి చదును చేశాకే రోబో దగ్గరికి పంపాలి. ఈ కన్వేయర్‌ని ఖర్చు తగ్గించుకోవడానికి తీసేసినవాళ్లని చూశాను. ఆరో వరసకొచ్చేసరికి పాలెట్ ఊగుతుంది.

గంటకు 1,500 బస్తాలు దాటే సిమెంటు, ఎరువుల ప్లాంట్లకి, కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలకి వరస మొత్తం ఒకేసారి అమర్చి దించే లేయర్ ప్యాలెటైజర్ ఉంటుంది. ఆ స్థాయి లేనివాళ్లు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఇక్కడే ఒక నిజం చెప్పాలి. మన దగ్గర బస్తా సరుకు చాలావరకు పాలెట్ లేకుండా, విడిగానే లారీకెక్కుతుంది. రోబో కట్టిన పాలెట్‌ని డాక్ (లారీలకి సరుకు ఎక్కించే గట్టు) దగ్గర మళ్లీ మనుషులే విప్పి లారీలో పేరుస్తారు. కాబట్టి "హమాలీ ఖర్చు సున్నా" అని రాసిన కాగితాన్ని నమ్మకండి. ప్యాకింగ్ దగ్గర ఖర్చు తగ్గుతుంది, లోడింగ్ దగ్గర తగ్గదు. అక్కడ ఎత్తు సర్దుకునే బెల్టు లోడర్ ఒకటి పెడితే మనుషులకి కాస్త ఊరట. కంటెయినర్లలో ఎగుమతి చేసేవాళ్ల సంగతి వేరు. ఇరవై అడుగుల కంటెయినర్‌లో 1200 × 1000 పాలెట్లు పది నేరుగా ఎక్కుతాయి. చెక్క పాలెట్ అయితే ఐఎస్‌పీఎం-15 ముద్ర, అంటే చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారన్న గుర్తు, ఉండాలి.

నిల్వ: ర్యాకు, షటిల్, క్రేన్

మామూలు ర్యాకు, రీచ్ ట్రక్ (ఇరుకు దారుల్లో ఎత్తు ర్యాకులకి అందే ఫోర్క్‌లిఫ్ట్) కలిపి పెట్టుకోవడం కూడా ఒక ఎంపికే. దీన్ని తక్కువగా చూడొద్దు. ఏ పాలెట్ అయినా ఎప్పుడైనా నేరుగా తీయొచ్చు. ఒక ట్రక్ ఆగితే ఇంకోటి అద్దెకి దొరుకుతుంది. రీచ్ ట్రక్‌కి సుమారు 2.8 మీటర్ల దారి చాలు, మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌కి మూడున్నర, నాలుగు మీటర్లు కావాలి. పాత ఫోర్క్‌లిఫ్ట్‌లు తీసేసి రీచ్ ట్రక్‌లకి మారడంతోనే అదే షెడ్డులో చోటు బాగా పెరిగిన గోడౌన్లున్నాయి. వెయ్యి పాలెట్ల లోపు ఉన్నవాళ్లు ముందు ఇది చేసి చూడాలి.

పాలెట్ షటిల్ ఇంకో దారి. ర్యాకు లోపల లోతైన వరసలు, వాటిలో పట్టాల మీద బ్యాటరీతో నడిచే చదునైన బండి. ఫోర్క్‌లిఫ్ట్ పాలెట్‌ని వరస మొదట్లో పెడితే షటిల్ దాన్ని ఎత్తి చివరిదాకా మోసుకెళ్తుంది. మధ్యలో దారులు అక్కర్లేదు కాబట్టి అదే షెడ్డులో ఎక్కువ సరుకు పడుతుంది. కానీ ఒక వరసలో ఒకే రకం ఉండాలి. రకానికి 200 పాలెట్లున్న ఫీడ్ ప్లాంట్‌కి ఇది చక్కగా సరిపోతుంది. రకానికి మూడు పాలెట్లున్న మందుల కంపెనీకి పెడితే వరసలన్నీ సగం ఖాళీగా, లేదా వెనకది తీయడానికి ముందువి తీసే తలనొప్పిగా మారుతుంది.

షటిల్ పెట్టేవాళ్లు ఒకవైపే దారి వదిలితే ఆఖరున పెట్టిన పాలెట్ ముందు బయటికొస్తుంది, మొదట పెట్టింది లోపలే పాతబడుతుంది. మేతకీ, తిండి సరుకుకీ అది కుదరదు. రెండు వైపులా దారి ఇచ్చి ఒకవైపు ఎక్కించి రెండోవైపు తీయాలి. డ్రాయింగ్ మీద ఈ రెండో దారి కాస్త చోటు తినేస్తుంది, అందుకని దాన్ని తీసేసి "ఇంకో రెండు వందల పాలెట్లు పట్టించాం" అని చూపిస్తారు. ఒప్పుకోకండి.

బరువు సంగతి బియ్యం మిల్లులవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల బస్తాకి మారాయి. నలభై బస్తాలంటే ఇప్పుడు 1,040 కిలోలు, చెక్క పాలెట్ బరువు కలిపితే 1,060 దాటుతుంది. షటిల్ రేటింగ్ 1,000 కిలోలైతే రోజూ పరిమితి దాటుతున్నట్టే. 1,500 కిలోల మోడల్ అడగండి, ర్యాకు బీములు కూడా అదే బరువుకి లెక్క కట్టించండి.

స్టాకర్ క్రేన్‌తో నడిచే ఏఎస్ఆర్ఎస్, అంటే మెషీనే సరుకు పెట్టి తీసే నిల్వ వ్యవస్థ, కొత్తదేం కాదు. జర్మనీలోని గూటర్స్‌లోలో బెర్టెల్స్‌మాన్ ప్రచురణ సంస్థకి 1962లోనే ఇలాంటి ఎత్తయిన గోడౌన్ కట్టారు. ఒక్కో దారిలో ఒక్కో క్రేన్, కింద పట్టా, పైన గైడ్. దారి వెడల్పు ఒకటిన్నర మీటర్ చాలు, ఎత్తు ముప్పై మీటర్లు దాటినా వెళ్తుంది. ప్రతి పాలెట్‌కీ నేరుగా చేరుతుంది. స్థలం ఖరీదైన చోట, రకాలు వందల్లో ఉన్న చోట, ప్రతి పాలెట్ లెక్క కాగితం మీద నిరూపించాల్సిన చోట దీనికి సాటి లేదు. మందుల కంపెనీల్లో క్వారంటైన్ (పరీక్ష ఫలితం రాని) సరుకునీ, పాసైన సరుకునీ వేర్వేరు గదుల్లో పెట్టే బదులు ఒకే ర్యాకులో ఉంచి సాఫ్ట్‌వేర్‌లో తాళం వేయొచ్చు. అయితే అమెరికాకి అమ్మేవాళ్ల సాఫ్ట్‌వేర్ 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా నిబంధన) ప్రకారం వ్యాలిడేట్ కావాలి, అంటే సరిగా పనిచేస్తుందని పరీక్షించి రాతలో నిరూపించాలి. ఆ పనికి పట్టే నెలలు ప్రాజెక్టు షెడ్యూలులో కనిపిస్తున్నాయో లేదో చూడండి.

క్రేన్ బలహీనత దాని వేగంలో ఉంది. ఒక పాలెట్ పెట్టి, తిరుగు ప్రయాణంలో ఇంకోటి తేవడాన్ని ఒక జంట సైకిల్ అంటారు. మామూలుగా ఒక క్రేన్‌కి గంటకు అవి 20 నుంచి 30. మన ఉదాహరణలో సాయంత్రం గంటకు 40 పాలెట్లు బయటికి కావాలి, కాబట్టి ఒక్క క్రేన్ చాలదు. ఇంకో క్రేన్ కొనే ముందు ఒకటి ఆలోచించండి. మధ్యాహ్నం నుంచే మెల్లగా తీసి డాక్ ముందు లారీల వారీగా వరసలో పెట్టుకుంటే సాయంత్రం రద్దీ సగం తగ్గుతుంది. దానికి కావాల్సింది కొంచెం నేల, ఆర్డర్లు మధ్యాహ్నానికే ఇచ్చే సేల్స్ టీమ్. సేల్స్‌వాళ్లని ఒప్పించడం కష్టమే, కానీ క్రేన్ కంటే చౌక.

నేల కూడా చూడాలి. ఎత్తయిన ర్యాకు కాళ్ల మీద బరువంతా చిన్న చిన్న పలకల్లోంచి నేలలోకి దిగుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. డెల్టా ఒండ్రు నేలలు బరువుకి మెల్లగా కుంగుతాయి. మట్టి పరీక్ష చేయించకుండా ర్యాకు కొలతలు ఇచ్చేవాళ్ల దగ్గర కొనొద్దు.

చిన్న సరుకుకి, అంటే విడిభాగాలు, మందుల విడి పెట్టెలు, ఆన్‌లైన్ ఆర్డర్లు లాంటివాటికి ఆటోస్టోర్ తరహా గళ్ల వ్యవస్థలున్నాయి. డబ్బాల మీద డబ్బాలు పేర్చి పైనుంచి రోబోలు తీస్తాయి. డబ్బాలో పట్టేది 30 కిలోలే, పాలెట్ సరుకుతో దానికి సంబంధం లేదు. పోలికలోకి లాగి గందరగోళపడకండి.

మిర్చి కోల్డ్ స్టోరేజీల సంగతి

గుంటూరు వైపు నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తోంది. నా సలహా, ఉన్న భవనంలో వద్దు. అవి అంతస్తులుగా కట్టినవి, టిక్కీలు (మిర్చి బస్తాలు) నేల మొత్తం పరుచుకుంటాయని లెక్కేసి వేసిన స్లాబులు. ర్యాకు కాళ్ల బరువు ఒక్కో చోట గుచ్చినట్టు పడితే అవి తట్టుకోవు. పైగా ప్రతి రైతు సరుకూ, ప్రతి వ్యాపారి సరుకూ వేరు లాటు. ఒకరివి ఎనిమిది టిక్కీలు, ఇంకొకరివి మూడు వందలు. షటిల్ వరసలకి ఇది అస్సలు నప్పదు. టిక్కీ ఆకారం కూడా ఉబ్బెత్తుగా ఉండి పాలెట్ మీద నిలవదు, చుట్టూ ఇనుప చట్రం ఉన్న పాలెట్లు కావాల్సి వస్తుంది. కొత్తగా ఒకే అంతస్తుతో కట్టేవాళ్లయితే పట్టాల మీద జరిగే మొబైల్ ర్యాకులు చూడండి. ఏ లాటు కావాలంటే అక్కడ దారి తెరుచుకుంటుంది, చల్లబరచాల్సిన ఖాళీ జాగా తగ్గుతుంది. ఈలోగా ప్రతి లాటుకీ బార్‌కోడ్ చీటీ, ఫోన్‌తో స్కాన్ చేసే చిన్న సాఫ్ట్‌వేర్ పెడితే లాట్లు తారుమారైన గొడవలు చాలా తగ్గుతాయి.

సంతకానికి ముందు అడగాల్సినవి

కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో షటిల్ వరస మధ్యలో ఆగిపోతే నేను అక్కడే ఉన్నాను. దాని ముందు పదకొండు పాలెట్లు. చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్ తోక ఒకటి, జానెడు కూడా లేదు, పాలెట్ కిందికి వేలాడి షటిల్ సెన్సర్‌ని మూసేసింది. లోపలికి పంపి లాగడానికి రెండో షటిల్ లేదు, కొనేటప్పుడు అనవసరమని తీసేశారట. రెండో వైపు నుంచి ఒక్కో పాలెట్ దించి దాన్ని బయటికి తేవడానికి ఐదు గంటలు పట్టింది. బయట లారీలు రాత్రంతా నిలబడ్డాయి. ఆ రోజు నుంచి ఒక్క షటిల్‌తో వచ్చిన కొటేషన్‌ని నేను ముందుకి పోనివ్వను. ఫిల్మ్ చివరని వేడితో అతికించి కత్తిరించే చుట్టే మెషీన్ ఉందా అని కూడా అడుగుతాను.

మెషీన్లు పనిచేసే సమయం 98 శాతం అని రాసిస్తారు. దేనికి 98? రోబో, కన్వేయర్, క్రేన్ వరసగా ఉంటే మూడింటినీ గుణించాలి. 94 శాతం వస్తుంది. పదహారు గంటల రోజులో అది దాదాపు గంట ఆగడం. హామీ మొత్తం లైన్‌కి రాయించండి. క్రేన్ల వేగాన్ని ఎఫ్ఈఎం 9.851 (క్రేన్ సైకిల్ సమయం లెక్కించే యూరప్ ప్రమాణం) ప్రకారం మీ ఫ్యాక్టరీలోనే, మీ సరుకుతోనే కొలిచి చూపమనండి. నున్నటి అట్టపెట్టెలతో చేసిన పరీక్ష మీ బస్తాలకి చెల్లదు.

సర్వీస్ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఇలాంటి మెషీన్లు చేసే కంపెనీల్లో జపాన్‌కి చెందిన దైఫుకు 2019లో హైదరాబాద్‌లోని వేగా కన్వేయర్స్‌ని కొని, తర్వాత చందన్‌వెల్లిలో ఫ్యాక్టరీ పెట్టింది. యాడ్‌వర్బ్ నోయిడాది, క్రాఫ్ట్స్‌మన్ ఆటోమేషన్ కోయంబత్తూరుది. ఎవరిదైనా సరే, రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, విడిభాగం ఎన్ని గంటల్లో వస్తుంది అని రాతలో తీసుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లలో కంట్రోల్ సిస్టమ్‌కి యూపీఎస్ లేకపోతే ఏ పాలెట్ ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి.

నిప్పు విషయంలో పొదుపు వద్దు. ఎత్తయిన ర్యాకుల్లో పై కప్పు స్ప్రింక్లర్ నీళ్లు కింది వరసలకి చేరవు, ర్యాకు లోపలే పైపులు రావాలి. ఆ డిజైన్ ర్యాకు ఆర్డర్‌తో పాటే పూర్తవ్వాలి, తర్వాత దూర్చడానికి చోటుండదు. బ్రిటన్‌లో ఆన్‌లైన్ కిరాణా సంస్థ ఒకాడో రోబో గోడౌన్లు రెండింటిలో, 2019లో ఆండోవర్‌లో, 2021లో ఎరిత్‌లో మంటలు లేచాయి. ఎరిత్‌లో మొదలైంది మూడు రోబోలు ఢీకొనడంతో.

నన్ను పిలిచిన ఆ ఫీడ్ యజమాని మూడు కొటేషన్లలో ప్రస్తుతానికి ఒకటే తీసుకున్నారు, రోబోది. రెండు లైన్ల మధ్య పెట్టారు. దానితో పాటు ఒకే కొలత ఉన్న కొత్త పాలెట్లు కొన్నారు, పాతవన్నీ గేటు బయటికి పంపేశారు. ర్యాకులు లేకుండా పాలెట్ మీద పాలెట్, రెండు ఎత్తుల్లో పేరుస్తున్నారు. షటిల్‌కి కావాల్సిన చోటు షెడ్డులో గీత గీసి వదిలారు. మట్టి పరీక్ష రిపోర్టు రావాల్సి ఉంది.